మార్జిన్ సారూ, తెల్లకాగితాలూ

ఆ రోజుల్లో ఖమ్మంలో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే బోర్డు మార్చుకుని కంప్యూటర్ సెంటర్లు అయిపోతుంటే, వాటితోపాటే మేమూ ఇంజనీర్లమైపోయామని నమ్మేవాళ్ళం. బోర్డు మారినంత సులువుగా మనిషి మారడని అప్పుడెవరికి తెలుసు! ఊళ్ళోనే ఖానాపురం హవేలి పేటలో మా సెంటర్ యజమానిని చాటుగా మార్జిన్ సారు అనేవాళ్ళం. (ఎదురుగా అయితే ఒట్టి సారే.) జీవితమంతా టైపు నేర్పిన మనిషి. ఎడమ పక్క మార్జిన్, లైనుకూ లైనుకూ మధ్య డబుల్ స్పేసు లేకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. నా ప్రోగ్రాంలు చూసినా అదే మాట: "గింత ఇరుకుగ రాస్తే ఎట్లమ్మా? గాలి ఆడాలె!" టైపు హయ్యర్ ఫస్టు క్లాసులో పాసైనదాన్ని, నాకూ అదే అందమనిపించేది. గాలి బాగా ఆడించాను.

నా మొదటి వెబ్ పేజీ టేకులపల్లిలో అడవి సరుకు కొనే ఒక సంఘం కోసం. ఇప్పపువ్వు తెచ్చే ఆడవాళ్ళలో ఇవాళ సరుకు అమ్ముకునే వంతు ఎవరిదో ఖమ్మంలోని మా సర్వర్ పేజీగా తయారుచేసి పంపాలి, అక్కడి ప్రింటర్ అచ్చు వేయాలి, దాన్ని గోడకు అంటించాలి. "గిది మంచిగ అచ్చయితే నీ నౌకరి పర్మనెంటు. లేకుంటే మళ్ళ పిల్లలకు టైపు నేర్పుడే," అన్నారు సారు. ఆ టకటకల మధ్యకు తిరిగి పోవడం నావల్ల కాదు. కంప్యూటర్ తెర మీద పేజీని పదే పదే చూసుకున్నాను. ముత్యాల్లా ఉంది.

మొదటి అచ్చు రోజున సారూ నేనూ టేకులపల్లి వెళ్ళి కొబ్బరికాయ కొట్టాం, ప్రింటర్‌కు పసుపు కుంకుమ పెట్టాం. గంపలు దించి ఆడవాళ్ళు గుమ్మం దగ్గర చేరారు. మీట నొక్కాను. ప్రింటర్ కర్రుమంది. కాగితం వచ్చింది, తెల్లగా. ఇంకొకటి, అదీ తెల్లగానే. అంచుల్లో చిల్లులున్న ఆ కాగితం మడతలు మడతలుగా బల్ల దిగి, గచ్చు మీద పాకి, గుమ్మం దాకా పోయింది. ముందు నిలబడ్డ ఒక పెద్దవ్వ వంగి చూసి, "ఏంది బిడ్డా, మా పేర్లు గింత తెల్లగుంటయా?" అంది. వెనకవాళ్ళు కోయ భాషలో ఏదో అనుకుని పకపకా నవ్వారు. సారు నుదురు పట్టుకున్నారు.

అంతలో ప్రింటర్ నోట్లోంచి ఒక్క పేరు బయటపడింది. తర్వాత మళ్ళీ తెలుపే. నా బుర్రలో దీపం వెలిగింది! తెర ఖాళీ లైన్లను మింగేస్తుంది, ఈ పాత ప్రింటర్ మింగదు. (పేజీ ఉన్నదున్నట్టు దానికి నేరుగా పోయేలా రాసిన మహానుభావురాలిని నేనే.) సర్వర్ అందరి పేర్లూ తిరగేస్తూ, వంతు లేని పేరును వదిలేస్తుంది గానీ, దాని చుట్టూ నేను గాలి కోసం పెట్టిన ఖాళీ లైన్లను వదలదు. "దొరికింది సార్!" అని అరిచాను. "గాలి సార్, మొత్తం మన గాలే!"

ఫోన్ లైను మీదే ఖమ్మం సర్వర్‌లోకి దూరి, లైన్లను ఒకదానికొకటి అతికించేశాను. ఖాళీ పోయినప్పుడల్లా సారు నా వెనక నిలబడి ఎవరో తన పన్ను పీకుతున్నట్టు మూలిగారు. "ఆ ఒక్కటన్న ఉంచమ్మా," అని బతిమాలారు కూడా. ఉంచలేదు. మళ్ళీ మీట నొక్కాను. ఒకే ఒక్క కాగితం, పై అంచు నుంచే పేర్లు! మొదటి పేరు చదవగానే పెద్దవ్వ "అవ్, నేనే!" అని చెయ్యెత్తింది. నేను పసుపు అంటిన చేతులతోనే చప్పట్లు కొట్టాను. సారు కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇరుకుగున్నది గని, అచ్చయింది. పర్మనెంటే పో," అన్నారు. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం తర్వాత ఏ జీతంలోనూ దొరకలేదు.

పెద్దవ్వ పోతూ పోతూ గచ్చు మీది తెల్లకాగితాలు చూపించి, "గివి మాకియ్యరాదు బిడ్డా? పిల్లలు రాసుకుంటరు," అంది. కట్ట కట్టి ఇచ్చాం. మరుసటి వారం నేను మళ్ళీ వెళితే, ప్రింటర్ నుంచి ఒక్క కాగితమే రావడం చూసి నిష్ఠూరంగా అడిగింది: "పోయినసారే మంచిగ చేసినవ్ గద బిడ్డా. గీసారి ఏమైంది?"

ఇప్పుడైతే పేజీ మొదట్లో ఒక్క ఆదేశం రాస్తే చాలు, ఆ ఖాళీలన్నీ సర్వరే ఊడ్చేస్తుంది. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఆ ఆదేశం రాస్తుంటే, వెనక ఎవరో "ఆ ఒక్కటన్న ఉంచమ్మా" అని గొణిగారు. తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు. గొణిగింది నేనే.