గెల పడేముందు కేక

కరోనా సద్దుమణిగిన తర్వాతి వానాకాలంలో, అశ్వారావుపేట దగ్గర ఒక ఆసామి పామాయిల్ తోటలో నేను ఆడకూలీలకు మేస్త్రీని. అంతకుముందు మా ఆయన అదే తోటలో గెలలు కోసేవాడు. ఆయన పోయాక ఆసామి నన్ను మేస్త్రీగా పెట్టాడు. చదువు చూసి కాదు, గొంతు చూసి.

కోతగాడు పొడవాటి గడకు కట్టిన కొడవలితో పైనున్న గెలను కోస్తాడు. తెగిన గెల ముళ్ళతో సహా దబ్బున పడుతుంది. కింద ఆడవాళ్ళు వంగి రాలిన పండ్లు ఏరుతుంటారు, వాళ్ళకు పైన జరిగేది కనపడదు. అందుకే కొడవలి ఆనగానే మేస్త్రీ "గెలా!" అని కేక పెట్టాలి. ఆ తర్వాతే కోతగాడు లాగాలి.

ఆ వానల్లో నా గొంతు గరగరలాడటం మొదలైంది. పొద్దున్నే మరీ బొంగురు. జలుబనుకుని మిరియాల కషాయం తాగాను, ఘాటుగా చింతపండు చారు తాగాను, ఉప్పద్దిన నిమ్మకాయ చప్పరించాను. ఎంత చేస్తే అంత పూడుకుపోయింది.

ఒక మధ్యాహ్నం అన్నాలు తిని పనిలో దిగాం. నోరు తెరిచాను. గాలి తప్ప కేక రాలేదు. నోరు తెరవడం చూసి కేక అయిందనుకుని కోతగాడు లాగాడు. గెల, కింద పండ్లు ఏరుతున్న సమ్మక్క బుట్ట మీద పడి దాన్ని నుగ్గు చేసింది. మనిషి జానెడు దూరంలో ఉంది.

"నీ గొంతు పోతే నా తలకాయ పోవాల్నా అక్కా?" అంది సమ్మక్క. నవ్వుతూనే అంది. మర్నాడు తనే నన్ను బస్సెక్కించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూసింది. స్వరపేటిక వెనకభాగం ఎర్రగా వాచిందంది.

"ఛాతీల మంట ఉంటదా?"

"లేదు మేడం."

"పులితేన్పులు?"

"అవ్. అవి అందరికి వస్తయి గద."

"అన్నం తిన్నంక ఏం చేస్తవమ్మా?"

"ఏం చేస్తం మేడం, ఒంగుతం."

ఎట్లా వంగుతానో చూపించమంది. "ఈడ గెలలు లేవు, మంచిగ ఒంగు" అంది సమ్మక్క. తిన్న వెంటనే వంగితే కడుపులోని ఆమ్లం పైకి తన్ని గొంతును కాలుస్తుందట, ఛాతీలో మంట లేకున్నా సరే. నేను మందనుకున్న కారం, పులుపు దాన్ని ఇంకా రేపాయట. బయట అంతమంది వరసలో ఉన్నా, నా పని నాతో చేయించి చూసిన డాక్టరును ఇంకెక్కడా చూడలేదు. మాత్రలు రాసి, తినగానే పడుకోవద్దని, కొన్నాళ్ళు అరవొద్దని, గుసగుస కూడా వద్దని చెప్పింది.

అరవని మేస్త్రీ ఆసామికి ఎందుకు? దానికి ఆడవాళ్ళే దారి చూపారు. సమ్మక్క అన్నం పళ్ళెం తెచ్చి గరిటెతో మోగించి నా చేతికిచ్చింది. మోత విన్నాకే లాగాలని కోతగాడికి కట్టడి చేశారు. తిన్నాక కాసేపు నిలబడి చేసే పనులు, ఆ తర్వాతే ఏరడం.

"మేస్త్రీ నోరు మూసింది, తోట బాగుపడ్డది" అన్నాడు కోతగాడు.

మెల్లగా గొంతు చాలావరకు తిరిగొచ్చింది. ఏళ్ళ తరబడి అరిచిన గరుకు మాత్రం పోలేదు. నేను పని మానేదాకా కేకతో పాటు పళ్ళెమూ మోగింది.

బొంగురు వారాల తరబడి తగ్గకపోతే దవాఖానాలో చూపించుకోవాలి. గొంతు సంగతే కాదు, తిండీ పనీ కూడా చెప్పాలి. మనుషుల తలల మీద బరువు పడే చోట కాపలా ఒక్క గొంతు మీద వదలకూడదు.