అంబదాస్ నా బ్రేకు విప్పిన మూడు రోజులు

పంజగుట్ట శ్మశానం వెనక సందులో అంబదాస్ అని ఒక మెకానిక్ ఉన్నాడు. మర్యాద తెలియని మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరికి వచ్చేసరికి నేను అతన్ని పొగిడానని ఎవరూ అనుకోకూడదు.

నా సంగతీ చెప్పాలి. నా పేరు వీరవెంకటసత్యనారాయణ. రావులపాలెం దగ్గర మా ఊరి బోర్డు స్కూల్లో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, ముప్పై నాలుగేళ్ల తర్వాత ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. డిప్లొమాలు చదివినవాళ్లు పదకొండు మంది నా కింద పనిచేశారు. అమీర్‌పేటలో మా కాలనీ సంఘానికి మూడుసార్లు కార్యదర్శిని. 1974లో కొన్న నా రాజ్‌దూత్ మోటారుసైకిల్ వల్ల ఇంతవరకు ఒక్క మనిషికి గీత పడలేదు. తెల్లవారుజామున ఇక్కడ బయల్దేరి దీపాలు పెట్టే వేళకి రావులపాలెం చేరిన రోజు కూడా ఉంది. దారిలో ఒక్కచోటే ఆగాను, అదీ టీకి.

ఆ బండి పోయిన మాఘంలో ఒక బుధవారం అమీర్‌పేట మెట్రో స్టేషన్ ముందు నిలబడిపోయింది. ముందు బ్రేకు నొక్కాను, పట్టింది. వదిలాను, వదల్లేదు. చక్రం బిగుసుకుపోయింది. వెనక హారన్లు. హాస్టలు పిల్లలు నలుగురు ఎత్తి పక్కన పెట్టారు.

మరో సమయంలో అయితే ఇంత బాధపడేవాణ్ణి కాదు. రిజిస్ట్రేషన్ గడువు ఆ సోమవారంతో అయిపోతుంది, తనిఖీ కూడా ఆ రోజే. బ్రేకు పట్టకపోయినా కాగితం ఇవ్వరు, పట్టి వదలకపోయినా ఇవ్వరు. కాగితం లేని యాభై ఏళ్ల బండి తుక్కు కిందే లెక్క. మా ఆవిడ హైమవతి అప్పుడే, "తుక్కువాడికి ఇచ్చేయండి, ఆ చోట్లో తులసి కోట కట్టించుకుంటాను" అంది.

గురువారం నేనే కూర్చున్నాను. లీవరు నొక్కితే చక్రం లోపల ఒక ఇనప కడ్డీ తిరిగి, రెండు బ్రేకు షూలని విప్పి డ్రమ్ముకి ఆనిస్తుంది. ఆ కడ్డీ ఒక అల్యూమినియం ప్లేటులో ఉన్న బెజ్జంలో తిరగాలి. నాది అందులో పట్టేసింది. సుత్తితో కొడితే ఇనుముకి ఏమీ కాదు, ప్లేటు పగులుతుంది. ఆ ప్లేటు ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఇవన్నీ తెలిసీ నాలుగు దెబ్బలు వేశాను. కడ్డీ కొన చదునైంది తప్ప కదల్లేదు.

అమీర్‌పేటలో ముగ్గురు మెకానిక్కులు చూసి తల తిప్పేశారు. మూడోవాడు, "ముసలి బండ్లకు పంజగుట్టల ముసలాయన ఉన్నడు అంకుల్, గాయిన దగ్గరికి పో" అన్నాడు. శుక్రవారం పొద్దున్నే ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లాను.

అదొక చిన్న మడిగె, ఒక్క గది కొట్టు. గుమ్మం దగ్గర అతని భార్య లచ్చవ్వ మిషన్ మీద చీరలకి ఫాల్స్ కుడుతోంది. లోపల ఇతను, గడ్డం మాసి, కింద కూర్చుని ఉన్నాడు. నాకన్నా పన్నెండేళ్లు చిన్న. నమస్కారం లేదు. నేరుగా వచ్చి చక్రం మధ్యలో వేలు పెట్టాడు.

"గీ దెబ్బలు ఎవరియి?"

"ఎవరో మెకానిక్" అన్నాను.

"వాని చేతులు ఇరగ. తీస్కపో."

"చూడవయ్యా, నేను బాలానగర్‌లో ఫోర్‌మన్‌గా..."

"అయితే బాలానగరే తీస్కపో."

లచ్చవ్వ మిషన్ ఆపి, "గంత దూరం ట్రాలీల ఏసుకొచ్చిండు, జర చూడరాదు" అంది.

"చూసిన. సుత్తె కనవడ్డది" అన్నాడు. తనిఖీ సోమవారం అని చెప్పాను. అతను మళ్లీ వంగి చక్రం చూసి, "ఉంచు. కాని నువ్వు ముట్టకు" అన్నాడు.

నాకు డెబ్బై అయిదేళ్లు. నన్ను నువ్వు అనగలిగినవాళ్లు మా ఊళ్లో ఇద్దరు మిగిలారు, అందులో ఒకాయనకి మతి లేదు. అయినా మింగాను. "నా కళ్ల ముందే విప్పాలి. ఇక్కడే కూర్చుంటాను" అన్నాను.

"కూసో. మాట్లాడకు."

మాట్లాడాను. ఎందుకు మాట్లాడకూడదు? అతను బ్రేకు తీగ వదులు చేసి, చక్రం దించి, షూలని వెంట్రుకవాసి చొప్పున ఊపుతూ మధ్యాహ్నానికి ప్లేటు బయటికి తెచ్చాడు. అంతసేపూ నేను పక్కన స్టూలు మీద కూర్చుని నా సర్వీసు గురించి, కాలనీకి బోరు వేయించిన సంగతి, రావులపాలెం ప్రయాణం చెప్పాను. ఒక్క ఊ కూడా కొట్టలేదు.

అతను అన్నానికి లేచాక లచ్చవ్వ అంది, "ఆ దిక్కు చెవు ఇనవడది సారూ ఆయనకు. పొద్దుగాల సంది ఆ దిక్కే కూసున్నవ్."

అప్పుడు ఆమె చెప్పిందే అతని కథ. సిరిసిల్లలో పుట్టాడు. ఇంట్లో మగ్గం. తండ్రి పోయాక పవర్‌లూమ్ షెడ్డులో చేరాడు. ఆ చప్పుడుకే ఎడమ చెవి పోయింది. ఒక రోజు మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, చిక్కు పడింది. కోసేసి కొత్తది వేద్దామని సేటు కత్తెర అందుకుంటే ఇతను ఆ చెయ్యి పట్టుకున్నాడట. సాయంత్రం దాకా కూర్చుని ఒక్క పోగు తెగకుండా చిక్కు తీశాడట. పొద్దంతా మగ్గం ఆగిందని సేటు మర్నాడు రావద్దన్నాడు. "చిక్కు తీసినందుకు పని పోయినోడు మా సిరిసిల్లల ఈయనొక్కడే" అంది లచ్చవ్వ. ఇక్కడికొచ్చి ఒక మెకానిక్ దగ్గర చేరి, ముప్పై ఏళ్లుగా పాత బండ్లే చేస్తున్నాడు. కృష్ణానగర్ నుంచి షూటింగులవాళ్లు పాత బండ్లు తెచ్చిస్తారు. వాళ్లతోనూ తగవే. బ్రేకులు ఎందుకు, వెనక నుంచి తోసి షాట్ తీసుకుంటాం అంటారట. బ్రేకు లేని బండి తన మడిగె దాటదని ఇతను తాళంచెవి జేబులో వేసుకుంటాడట.

అంబదాస్ తిరిగి వచ్చేసరికి నేను స్టూలు కుడివైపు వేసుకుని కూర్చున్నాను. అతను ఆగి చూసి, "మల్ల మొదలుకెల్లి చెప్పకు" అన్నాడు.

శనివారం, లచ్చవ్వ ఒకప్పుడు నూలుకి రంగులేసిన డేగిసా గిన్నె పొయ్యి మీద పెట్టి నీళ్లు మరిగించారు. ప్లేటు అందులో ముంచి, గుడ్డతో తీసి, వేడి మీదే కడ్డీ చుట్టూ నూనె చుక్కలు వేశాడు. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా ఎక్కువ సాగుతుంది, ఆ సందులోకి నూనె దిగుతుంది. అది నాకూ తెలుసు. కడ్డీ మీదా ప్లేటు మీదా కలిపి మేకుతో ఒక గీత గీశాడు. తర్వాత పానా పెట్టి వెనక్కి తిప్పబోయాడు.

"అటు కాదయ్యా, బ్రేకు పట్టేది ఇటు."

"ఇటు తిప్పి తిప్పే గిట్లయింది. చిక్కు వడ్డ పోగును ముందుకు గుంజితె తెగుతది. వచ్చిన తొవ్వల్నే ఎన్కకు పోవాలె."

అయిదుసార్లు మరిగించాడు. అయిదోసారికి గీత రెండు ముక్కలైంది, మధ్య నూలుపోగంత ఎడం.  కాని ఈ లెక్కన సోమవారానికి ఎక్కడ తేలుతుంది? అతను అన్నానికి వెళ్లాడు. లచ్చవ్వ సందు చివర దుకాణానికి దారం కోసం వెళ్లింది. పానాకి గొట్టం తొడిగి నేను ఒక్క పట్టు పట్టాను. ప్లేటులోంచి కీచుమని చప్పుడు వచ్చింది. వదిలేశాను.

అంబదాస్ వచ్చి గీత చూశాడు. ఎడం వేలి వెడల్పయింది. నా వైపు చూడలేదు. ప్లేటుని వెలుతురులోకి తీసుకెళ్లి బెజ్జం చుట్టూ గోరు తిప్పాడు, రెండుసార్లు. చీలిక తగల్లేదు. తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"తీస్కపో."

దారం తెచ్చిన లచ్చవ్వ ఈసారి మిషన్ ఆపలేదు. బతిమాలడం నాకు రాదు, ఎప్పుడూ అవసరం పడలేదు. ఆ ప్లేటు ఇంకా వెచ్చగా ఉంది. "మొన్నటి సుత్తి దెబ్బలు కూడా నావే" అన్నాను.

"తెల్సు. పోరగాండ్లు కొడితె చెదురుతయి. గా నాలుగు దెబ్బలు ఒక్క తావుల్నే వడ్డయి. ఫోర్‌మన్ దెబ్బలే." ప్లేటు నా ఒళ్లోంచి మళ్లీ తీసుకున్నాడు. "రేపు రా. చేతులు జేబుల పెట్టుకోని రా."

ఆదివారం అలాగే వెళ్లాను. పదిన్నరకి కడ్డీ బయటికి వచ్చింది. బెజ్జం నిండా తెల్లటి పొడి, జిగట తుప్పు, అంచున ఎర్రగా ఏదో. అతను గోరుతో గీకి వాసన చూశాడు.

"వాన నీళ్లు కాదిది. ఏం పోసినవ్ దీంట్ల?"

"నేనేం పోస్తాను? ఏటా దసరాకి బల్కంపేట ఎల్లమ్మ గుడి ముందు పూజ చేయిస్తాను. యాభై ఏళ్లలో ఒక్క ఏడు తప్పలేదు."

"కాయ ఏడ కొడ్తవ్?"

చూపించాను. అందరూ రోడ్డు మీద కొడతారు, నేను ముందు చక్రం ఇరుసు మీద కొడతాను. "ఒక్క దెబ్బకి సరిగ్గా రెండు చెక్కలవుతుంది. నా చేతిలో ఎప్పుడూ రెండో దెబ్బ పడలేదు" అన్నాను.

"గీ కడ్డి ఆఖరికి ఎప్పుడు తీసినవ్?"

"రిటైరైన ఏడాది, 2007లో."

అతను వేళ్ల మీద లెక్కపెట్టాడు. "పదిహేడు కాయల నీళ్లు తాగింది నీ బ్రేకు. సల్లంగ చూడమని ఎల్లమ్మకు మొక్కుడు, గా నీళ్లతోటి చక్రం పట్టిచ్చుడు. మస్తు భక్తి."

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చేతులు మళ్లీ జేబుల్లో పెట్టుకున్నాను. 

సాయంత్రానికి బెజ్జం శుభ్రం చేసి, కడ్డీ కొన ఆకురాయితో సరిచేసి, గ్రీజు పెట్టి బిగించాడు. సోమవారం తనిఖీలో లీవరు నొక్కాను, పట్టింది. వదిలాను, వదిలింది. అయిదేళ్లకి కాగితం ఇచ్చారు. అది మళ్లీ అయిపోయేసరికి నాకు ఎనభై.

చెప్దామని పంజగుట్ట వెళ్లాను. కుడివైపే నిలబడి చెప్పాను. "జరుగు, ఎలుతురు వస్తలేదు" అన్నాడు.

మొన్న దసరాకి బండిని బల్కంపేట తీసుకెళ్లాను. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, అన్నీ ఎప్పటిలాగే. కొబ్బరికాయ పట్టుకుని ఇరుసు దాకా వంగి, లేచి, పక్కన ఫుట్‌పాత్ రాయి దగ్గరికి వెళ్లాను. అలవాటు లేని చోటు, రాయి ఏటవాలుగా ఉంది. మొదటి దెబ్బకి పగల్లేదు. రెండో దెబ్బకి జారింది. వెనక కొత్త స్కూటర్ పూజకి తెచ్చిన కుర్రాళ్లు, "ఇయ్యి తాతా, మేం కొడ్తం" అన్నారు. ఇవ్వలేదు. మూడో దెబ్బకి పగిలింది.

యాభై ఏళ్ల పేరు నలుగురిలో అలా పోయింది. అందుకు కారణం అంబదాసే.