మగ్గం గుంతలో రైలు డ్రైవరు

కరోనా సెలవులు ముగిసి బడులు తెరిచిన సంవత్సరం. అప్పటికి నేను రైల్వేలో రిటైరై ఆదోనిలో ఇంటిపట్టునే ఉంటున్నాను. ఎమ్మిగనూరులో ఒక చిన్న బడిలో టీచరు మా అన్న కూతురు. "పిల్లోళ్ళు పుస్తకం ముఖమే మరిసిపోయినారు చిన్నాయనా, వచ్చి రైలు కథలు సెప్పు" అని పిలిచింది. నౌకరీలో చేరిన కొత్తలో నేను స్టీమ్ ఇంజన్ మీద ఫైర్‌మన్‌ని, అంటే పొయ్యిలోకి పారతో బొగ్గు వేసేవాణ్ణి. ఆ రోజుల గురించి ఎవరైనా అడిగితే చాలు, నా నోటికి బ్రేకుండదు. శనివారం శనివారం బస్సెక్కి పోయేవాణ్ణి.

కథలో ఇంజన్‌కి నల్లమ్మ అని పేరు పెట్టాను. నల్లమ్మ బొగ్గు తింటుంది, నీళ్ళు తాగుతుంది. ఫైర్‌బాక్స్ ఆమె పొయ్యి, బాయిలర్ దాని మీద కుండ. ఆదోనిలో పత్తి బేళ్ళు ఎక్కించుకొని గుంతకల్లు దారి పడుతుంది. పిల్లలకు కూత మీదే ప్రాణం. బాయిలర్ సంగతి ఎత్తితే ఆవలించేవాళ్ళు.

ఒక శనివారం నల్లమ్మ బొమ్మ గీయమన్నాను. మూడో తరగతి పావని, డ్రైవరును నడుము దాకా గుంతలో కూర్చోబెట్టింది. కాళ్ళ కింద రెండు చెక్కలు.

"డ్రైవరు గుంతలో ఎందుకున్నాడు తల్లీ?" అని మామూలుగానే అడిగాను. క్లాసంతా గొల్లుమంది. అంగళ్ళవాళ్ళ పిల్లలు, సేద్యగాళ్ళ పిల్లలు "రైలు గుంతలో పడింది" అని ఒకటే గోల. పావని ఏడవలేదు, బొమ్మ మడిచి సంచిలో పెట్టుకుంది. సోమవారం నుంచి బడికి రాలేదు.

వారం చివర టీచరమ్మ ఫోన్ చేసింది. "ఆ ఇంట్లో దారపు కండెలు సుట్టే చెయ్యి తక్కువుంది చిన్నాయనా. ఇట్లే ఇంట్లో కూసుంటే ఇంక రాదు. నువ్వొకసారి వచ్చి మాట్లాడు."

ఇద్దరం పోయాం. గడప దాటగానే నాకు విషయం అర్థమైంది. వాళ్ళ నాయిన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. కింద రెండు చెక్కలు, ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతున్నాడు. "రా అన్నా, కూసో" అన్నాడు, పోగుల మధ్య దారం మోసే నాడె ఆపకుండానే. పావని మూలన దారం చుడుతోంది, నా వైపు చూడలేదు.

"పావనీ, మా ఇంజన్‌లో గుంత లేదు. తొక్కడం మాత్రం ఉంది" అన్నాను.

దారం చుట్టే చెయ్యి ఆగింది. "ఎవురు తొక్కుతారు?"

"ఆవిరి. మీ నాయిన ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు తొక్కుతాండాడు సూడు. ఇంజన్‌లో సిలిండర్ అని ఇనుప గొట్టం ఉంటాది. దాంట్లో పిస్టన్ అని ఒక దిమ్మె. ఆవిరి దాన్ని ఒకసారి ఈ పక్కనుంచి తోస్తాది, ఒకసారి ఆ పక్కనుంచి. దిమ్మె ముందుకీ వెనక్కీ పోతాంటే, దానికి తగిలించిన కడ్డీ చక్రాన్ని తిప్పుతాది."

పావని వాళ్ళ నాయిన కాళ్ళనే చూస్తూ కూర్చుంది.

"అయితే డ్రైవరుకు కాళ్ళు నొయ్యవా?"

"నొయ్యవు తల్లీ."

"మా నాయినకు నొస్తాయి. దినమూ నేనే పిసుకుతా. అన్ని పెట్టెలు లాగేటోనికి ఎవురు పిసుకుతారో అనుకుంటి."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఆయన కూతురి వైపు చూసి, "సోమారం నుంచి పంపిస్తా టీచరమ్మా. కండెలు ఎట్లో సుట్టుకుంటాలే" అన్నాడు.

మేం లేచినప్పుడు పావని గడప దాకా వచ్చింది. "బొగ్గు ఎత్తేటప్పుడు నీకు యాడ నొస్తాండె తాతా?"

"భుజాలు" అన్నాను. అన్నేళ్ళ నౌకరీలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. తిరుగు బస్సులో కళ్ళు తుడుచుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పిల్లలకు యంత్రం గురించి చెప్పాలంటే వాళ్ళింట్లో జరిగే పని ముందు తెలియాలని ఆ పాప నాకు నేర్పింది. అందుకే ఏ బడికి పోయినా, మీ అమ్మానాయినలు ఏం పని చేస్తారని అడిగి కథ మొదలుపెడతాను. ఇప్పుడు నా కథల్లో బొగ్గు వేసేవాడికి కూడా భుజాలు నొస్తాయి.