తెలుగులో వేయమన్న పాపానికి

నేను బడిలో తెలుగు చెబుతాను. ఈ రోజు మధ్యాహ్నం కడపలో ఒక కంప్యూటర్ షాపుకు వెళ్లి, నా ల్యాప్‌టాప్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోనే వేయమని అడిగాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉందని చెప్పిన షాపాయన హుషారుగా మొదలుపెట్టి, కాసేపటికే తల గోక్కున్నాడు.

"మేడం, ఈడ 'విభజన ఎంచుకోండి' అంటాండాది. మన రాష్ట్రం సంగతా?"

అది హార్డ్‌డిస్క్‌లో భాగమని నేను నవ్వుతూ చెప్పేలోపే ఆయన "అంతా తుడిచివేయి" నొక్కబోయాడు. చటుక్కున మౌస్ లాగేసుకున్నాను. పదేళ్లుగా రాసుకున్న నా పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని ముందే పెన్‌డ్రైవ్‌లో దాచుకోకపోవడం నా తెలివి!

"చదివి నొక్కచ్చు కదప్పా!"

"తెలుగు చదవాలంటే శానా కష్టం మేడం!"

పాఠాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక, ఆయన మళ్లీ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఈసారి షరతుల పేజీతో సహా ఒక్క ముక్క కూడా చదవకుండా "నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కుకుంటూ పోయాడు.

"ఇదీ చదవవా?" అన్నాను.

"ఇంగ్లీషు గదా మేడం, చదివే పనేముండాది?"

ఆయన్ని ఏమనగలను? ఆ షరతుల పేజీకి "అంగీకరిస్తున్నాను" అని నేనూ ఎన్నిసార్లో కళ్లు మూసుకుని నొక్కాను. మీలో ఎవరైనా దాన్ని పూర్తిగా చదివి ఉంటే చెప్పండి, దండేసి దండం పెడతాను.