సముద్రం దాటిన బొంతలు

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ నడుం వాల్చిన వేళ, మంచినీళ్ల కోసం హాల్లోకి వచ్చిన నాకు, మా కోడలు కొత్తగా తెప్పించిన ఉయ్యాల తనంతట తానే ఊగుతూ కనిపించింది. అందులో పసివాడు, మా మనవడు, లేడు. లోపలి గదిలో వాళ్లమ్మ పక్కన నిద్రపోతున్నాడు. ఈ కాలపు ఉయ్యాల కదా, దానికో మోటారు, ఆ మోటారుకో బ్యాటరీ, పిల్ల ఏడుపులాంటి చప్పుడు ఎక్కడ వినబడినా అదే ఊగడం మొదలుపెడుతుందట. వీధిలో ఏ పిల్లి అరిచిందో మరి. నేను గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోతే, గదిలోంచి నా వాలకం చూసిన కోడలు, "అత్తయ్యా, ఆటో మోడ్‌లో ఉంది, భయమేం లేదు, డరియే మత్" అని నవ్వి అటు తిరిగి పడుకుంది.

ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మన ఇళ్లలో ముసలమ్మలు మన చేతుల మీద ఎన్ని దెబ్బలు వేశారో మీకూ గుర్తుండే ఉంటుంది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. మా ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న అడగవలసిన అవసరమే లేకపోయింది.

ఇప్పుడు బిలాస్‌పూర్‌లోనే తెలిపారా పేటలో ఫ్లాటులో ఉంటున్నాం గాని, నేను పుట్టి పెరిగింది ఇక్కడి రైల్వే కాలనీలో. తాతగారి కాలంలోనే మావాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్న షెడ్డులో ఇంజన్లు బాగుచేసేవారు. మా క్వార్టరు ముందుగదిలో పైన దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉండేది. నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు, మా మేనత్త, పెళ్లయిన చాలా ఏళ్లకు నెల తప్పి, పురిటికి మా ఇంటికి వచ్చినప్పుడు నేనింకా గౌన్లు వేసుకునే పిల్లని. బిడ్డ భూమ్మీద పడేదాకా బిడ్డకోసం గుడ్డముక్క కూడా కుట్టరాదన్నది మావాళ్ల పట్టింపు, నలుగురికీ ఆ మాట చెప్పేది మా నాయనమ్మే. అలాంటి మనిషి, అన్నేళ్లు ఎదురుచూసిన సంబరం ఆపుకోలేక, మెత్తబడిన పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి ముందే బొంతలు కుట్టేసింది. అంతటితో ఊరుకోక, ఆ కొక్కేనికి ఉయ్యాల కట్టి, గట్టిగా ఉందో లేదో చూద్దామని ఖాళీ ఉయ్యాలను నాలుగుసార్లు ఊపింది.

అత్తది ఎడమచేతి వాటం. ఆ రోజుల్లో తలగడను బొంతలో పెట్టి, పసిబిడ్డను చుట్టడం నేర్చుకుంటూ ఉండేది. చెవుల్లోకి గాలి పోకుండా ఒక కొన తలమీంచి దించి, రెండు పక్కలూ ఒకదానిమీద ఒకటి వేసి, చివరి కొనను చంక కిందికి దోపడం నాయనమ్మ పద్ధతి. అత్త అదంతా తిరగేసి చేసేది, పైగా చివరి కొనను దోపేముందు ఒక మెలి తిప్పేది. ఎడంసేతి మూట అని నాయనమ్మ కసిరేది, అత్త నా వైపు కన్నుగీటి మళ్లీ అలాగే చుట్టేది. నాకు ఆమె మొహం పూర్తిగా గుర్తులేదు. ఆ మెలి తిప్పే వేళ్లు మాత్రం ఇప్పటికీ కళ్లకు కడతాయి.

నొప్పులు నెల ముందే వచ్చాయి. వానలో రిక్షాలో ఆస్పత్రికి తీసుకువెళుతుంటే దారిలోనే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

ఆ తరవాతే మా ఇంట్లో మధ్యాహ్నాలు మారిపోయాయి. ఉయ్యాల విప్పేశారు, బొంతలు ఇనప్పెట్టెలోకి వెళ్లాయి. కాని మిట్టమధ్యాహ్నం, కాలనీ అంతా సద్దుమణిగి, యార్డులో బోగీలు జరిపే షంటింగు కూడా ఆగిన ఆ కాసేపట్లో, ఏమీ కట్టని కొక్కెం కిర్రుమనేది. ఆగి, మళ్లీ కిర్రుమనేది, బరువున్న ఉయ్యాల అటూ ఇటూ ఊగితే ఇనుము మీద ఇనుము రాసుకున్నట్టుగా. నాన్న షెడ్డు నుంచి గ్రీజు తెచ్చి దిట్టంగా పూశారు. అంతంత ఇంజన్ల నోళ్లు మూయించగలిగిన మనిషి ఆ చిన్న కొక్కెం నోరు మూయించలేకపోయారు. అమ్మ ఆ వేళకు నన్ను తీసుకుని పక్కింటికి వెళ్లిపోయేది. నాయనమ్మ మాత్రం ఆ కొక్కెం కిందే పీట వేసుకుని కూర్చునేది. తాను ఊపిన ఉయ్యాలే తన కూతుర్ని మింగిందని ఆమె నమ్మకం, కనక ఆ ఊగేదాన్ని ఒంటరిగా వదలడం ఆమె వల్ల అయ్యేది కాదు. ఏళ్లు గడిచినా మధ్యాహ్నం వేళకు ఇల్లు కదిలేది కాదు. శ్రీకాకుళం వైపు ఊళ్లో సొంత అన్నగారు పోయినా కడసారి చూపుకు వెళ్లలేదు. మా ఇంట్లో ఇంకెప్పుడూ ఉయ్యాల కట్టనివ్వనని ఒట్టు పెట్టుకుంది.

నేను నర్సు చదువు ముగించి, ఊరవతల గతౌరా దారిలో ఉన్న ఒక మిషన్ ఆస్పత్రిలో చేరింది ఎనభైల మొదట్లో. మాది పూజలూ వ్రతాల ఇల్లయినా, పొద్దున్నే అక్కడి చాపెల్లో ప్రార్థనకు అందరితో పాటు తల వంచుకు నిలబడటం అలవాటైపోయింది. ఆ ప్రార్థనలో రోజూ ఆఫ్రికాలోని ఒక దేశం పేరు వచ్చేది. అక్కడి కొండల్లో ఒక మిషన్ ఆస్పత్రికి మా ఆస్పత్రిని జత చేశారు. కరువు ఒకవైపు, కాల్పులు ఒకవైపు, మందుల్లేవు, డాక్టర్లు పారిపోయారు; మేం కట్లు చుట్టి, సబ్బులూ సూదులూ సర్ది, పెట్టెలు కట్టి బొంబాయి రేవుకు రైల్లో పంపేవాళ్లం. మా ఎక్స్‌రే మిషనే ఎవరో దొరలు దయతలచి ఇచ్చిన పాతది, మనం ఇంకొకరికి పంపడమేమిటని వార్డుబాయిలు నవ్వుకునేవారు. మా మేట్రన్ గారు మాత్రం, ఉన్నవాళ్లే ఇవ్వాలని ఎక్కడా రాసిలేదు అనేవారు. ఒకరోజు ఆవిడ, ఆ కొండల మీద చలి ఎక్కువని, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చుట్టడానికి గుడ్డలేక కాగితాల్లో చుడుతున్నారని చెబుతుంటే కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఆ మాట ఇంటికొచ్చి అమ్మతో చెబుతున్నాను. అటు తిరిగి కూర్చున్న నాయనమ్మ, వింటోందనే అనుకోలేదు, ఉన్నట్టుండి, "ఒలే, ఆ దేశంలో పిల్లలు సలికి సచ్చిపోతన్నారా?" అంది. అవునన్నాను. తెల్లారి లేచేసరికి ఇనప్పెట్టె మూత తెరిచి ఉంది, బొంతలన్నీ మూటకట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉన్నాయి. అమ్మ వణికిపోయింది. పురిట్లో పోయినదాని కోసం కుట్టినవి పరాయి తల్లుల బిడ్డల మీద కప్పడమేమిటి, పాపం కాదా అని నన్ను చాటుగా పట్టుకు అడిగింది. నేను మూట ఎత్తుకుని డ్యూటీకి బయల్దేరాను. ఆస్పత్రిలో వాటిని ఉడకబెట్టి, గోడమీద ఆరేసి, మడతపెట్టి పెట్టెలో సర్దుతుంటే ఒక్కో బొంత మీద అమ్మ చీర అంచో, అత్త పావడా గుడ్డో కనిపించి చేతులు ఆగిపోయేవి.

పెట్టెలు రైలెక్కిన మధ్యాహ్నం మా కొక్కెం చప్పుడు చేయలేదు. ఆ మర్నాడూ లేదు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాయనమ్మకు మాత్రం అప్పటిదాకా లేని భయం పట్టుకుంది.

"నానేటి పంపీసినానే? బొంతల్తోపాటు అదీ ఎల్లిపోనాది. పరాయి పిల్లల మీదకి తోలీసినాను."

అప్పటినుంచి నేను డ్యూటీ దిగి గుమ్మంలో కాలు పెడితే చాలు, ఆ పిల్లలెలగున్నారే అని అడిగేది. అన్నం సహించేది కాదు, మనిషి సగమైపోయింది. చప్పుడున్న రోజుల్లో ఒక కూతురికోసం ఏడ్చింది, చప్పుడు ఆగాక ఊరూ పేరూ తెలియని బిడ్డలందరికోసం ఏడ్చింది. అటునుంచి కబురేమైనా వస్తుందా అంటే, ఆ దేశంలో గొడవలు ముదిరి రాకపోకలే సరిగ్గా లేవు. బాగానే ఉన్నారని అబద్ధం చెబుదామనుకునేదాన్ని గాని, ఆమె కళ్లలోకి చూశాక ఇంకా కబురు రాలేదనే చెప్పేదాన్ని. నిజానికి నాకూ భయంగానే ఉండేది.

రెండేళ్లు కాబోలు గడిచాక, అక్కడి ఆస్పత్రి నుంచి ఒక నర్సు మా దగ్గరికి శిక్షణకు వచ్చింది. నా ఈడుదే, నెమ్మదస్తురాలు, నవ్వితే చాలా బాగుండేది. పరిచయం కాస్త పెరిగాక, మా నాయనమ్మ ఒక మాట అడగాలంటోందని చెప్పి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలుచుకువచ్చాను. మా కందిపచ్చడి కారానికి కళ్లు తుడుచుకుంటూనే ఇష్టంగా తింది. తరవాత నాయనమ్మ ఆమెను తన పీట ఎదురుగా కూర్చోబెట్టుకుని, బొంతలు కప్పుకున్న పిల్లలు బతికారా అని నాచేత ఇంగ్లీషులో అడిగించింది.

అందరూ బతకలేదని ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. కాని బతకరని వదిలేసుకున్నవాళ్లకే ఆ బొంతలు కప్పేవాళ్లమని, వాళ్లలో ఎక్కువమంది ఇళ్లకు వెళ్లారని అంది. నేను తెలుగులో చెబుతూనే ఉన్నాను, ఆమె ఏదో తటపటాయిస్తూ తలెత్తి పైనున్న కొక్కెం వైపు చూసి, ఇంకొక సంగతి ఉంది, మీరు నవ్వకపోతే చెబుతానంది.

అక్కడ మధ్యాహ్నం పూట వార్డు మొత్తానికి ఒక్క నర్సే ఉంటుందట. ఆ వేళ రేకుల కప్పు కింద ఎక్కడో ఇనుము రాసుకున్నట్టు కిర్రుమని చప్పుడు వస్తుందట, ఆగి, మళ్లీ వస్తుందట. వెతికితే ఆ వార్డులో ఇలాంటి ఇనుప కొక్కెమంటూ ఏదీ లేదు. చప్పుడు వచ్చినంతసేపూ పిల్లలెవరూ ఏడవరు. తీరా దగ్గరికి వెళ్లి చూస్తే, తాము వదులుగా కప్పిన బొంతలు బిగువుగా, వేరేరకంగా చుట్టి ఉంటాయి. అలా చుట్టడం తమలో ఎవరికీ రాదు. మొదట్లో భయపడి ప్రార్థన చేశారట. తరవాత తల్లులే, ఎవరో అమ్మ వచ్చి చూసుకుంటోంది, రానివ్వండి అన్నారట. అప్పటినుంచి వార్డు గుమ్మంలో గిన్నెతో నీళ్లు పెడుతున్నారు.

అదంతా మాట పొల్లుపోకుండా నాయనమ్మకు తెలుగులో చెప్పాను. నాయనమ్మ దండెం మీది తువ్వాలూ, మంచం మీది తలగడా తెచ్చి ఆ అమ్మాయి ఒళ్లో పెట్టి, ఎలా చుట్టి ఉండేదో చూపించమంది. ఆ అమ్మాయి గుర్తుచేసుకుంటూ నెమ్మదిగా చుట్టింది. ఒక కొన తలమీంచి దించింది, రెండు పక్కలూ నాయనమ్మ వేసే వరసకు తిరగేసి వేసింది, చివరి కొనను పట్టుకుని, ఒక మెలి తిప్పి, దోపింది.

ఏడుస్తుందనుకున్న నాయనమ్మ నవ్వింది, నవ్వుతుంటేనే కన్నీళ్లు కారాయి.

"ఎడంసేతి మూట! ఎన్నిసార్లు సెప్పినా ఇన్నాదేటి? పోన్లే, దానికి పిల్లలు దొరికినారు."

ఆ నర్సు చేతులు తన కళ్లకద్దుకుని, లేచి, ఆ మధ్యాహ్నం ఎండలోనే వీధి గుమ్మం దాటి, కాలనీ చివరిదాకా ఆమెను సాగనంపి వచ్చింది. అన్నేళ్లలో ఆ వేళప్పుడు నాయనమ్మ బయటికి రావడం కాలనీవాళ్లు చూడటం అదే మొదలు. నా పెళ్లయి మా అబ్బాయి పుట్టాక, ఆ కొక్కేనికి తన చేత్తో ఉయ్యాల కట్టి, వాణ్ని అందులో వేశాకే ఊపింది. కొక్కెం మామూలు కొక్కెంలాగే చప్పుడు చేసింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు పడగొట్టేశారు. ఆ దేశంలో గొడవలు ఇంకా పెరిగి, ఆ నర్సు వెళ్లిన కొన్నాళ్లకే మా పెట్టెలు వెళ్లడం ఆగిపోయింది. ఆ ఆస్పత్రి నిలిచిందో లేదో, ఆమె ఏమైందో నాకు తెలియదు. నాయనమ్మ పోయి చాలాకాలమైంది. బొంతలు కుట్టేవాళ్లూ లేరు, కుట్టడానికి మెత్తబడేదాకా చీర కట్టేవాళ్లూ లేరు.

మొన్న ఆ ఉయ్యాలను నేను ఆపలేదు. చేయి ఉయ్యాల దాకా వెళ్లింది గాని ఆపబుద్ధి కాలేదు. కాసేపు చూసి, గదిలోకి వెళ్లి, నిద్రపోతున్న మనవడి మీదికి వంగాను. ఏం చూద్దామని వెళ్లానో నాకు తెలుసు, మీకూ తెలుసు. కాని వాణ్ని చుట్టిన ఈ కాలపు సంచీలాంటి గుడ్డకు కొనలే లేవు. మెడదాకా జిప్పు వేసి ఉంది. ఆ జిప్పు ఎవరు వేసినా, ఏ చేత్తో వేసినా, ఒకలాగే పడుతుంది. మా అత్త ఒకవేళ వచ్చి వెళ్లినా ఇకమీదట నాకు తెలిసే దారి లేదని అప్పుడు అర్థమై, ఆ పసివాడి పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను.