ఆ మధ్యాహ్నం మా కారు ఎట్లా స్టార్ట్ అయింది?

దయ్యాల మాట వస్తే నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. చూసింది ఎవరు? ఎంత దూరం నుంచి? అప్పుడు వెలుతురు ఎట్లా ఉంది? బోధన్ దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను కాబట్టి ఈ అలవాటు. చెరుకు తోటలో తెల్లగా ఏదో కదిలిందని పిల్లలు చెప్పినా, స్టాఫ్ రూములో తోటి టీచర్లు అద్దె ఇళ్ల కథలు చెప్పినా, రెండో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆ కథ అక్కడే ఆగిపోయేది.

ఇప్పుడు చెప్పబోయేది పట్టపగలు జరిగింది. చూసింది నేనే. దూరం అంటారా, కారు తాళం నా చేతిలోనే ఉంది.

ఎడపల్లిలో మా అక్క, నేను కలిసి ఉంటాం. అక్కకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు నిజామాబాద్ తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. వెళ్లేటప్పుడు బస్సులో ఎట్లాగో వెళ్లొచ్చు. వచ్చేటప్పుడు ఆమె వల్ల కాదు. బీపీ పడిపోయి, కాళ్లు తేలిపోతూ, ఎప్పుడెప్పుడు పడుకుందామా అన్నట్టు ఉంటుంది. అందుకే మాకు ఆ కారు అవసరం.

అది బావ కొన్న పాత పెట్రోల్ కారు. ఆయన పోయాక అమ్మేయమని చాలామంది అన్నారు, అక్క ఒప్పుకోలేదు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. రిపేర్లన్నీ బోధన్‌లో సలీం భాయ్ చూస్తాడు. బావ ఉన్నప్పటి నుంచి ఆ కారు మీద చెయ్యి వేసిన మెకానిక్ ఆయనొక్కడే.

పోయిన చలికాలంలో కారు మొరాయించడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే బానెట్ కింద టక్‌మని ఒక్క చప్పుడు వచ్చేది, అంతే. డ్యాష్‌బోర్డులో లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, ఇంజన్ మాత్రం కదలదు. నాలుగైదు సార్లు తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది. కొన్నాళ్లు బాగుండేది. మళ్లీ సరిగ్గా డయాలసిస్ సెంటర్ ముందు, అక్క కళ్లు మూసుకుని సీటుకు ఆనుకున్నప్పుడు, టక్.

సలీం భాయ్ దగ్గరికి తీసుకుపోతే అక్కడ ఒక్కసారి కూడా మొండికేయలేదు. "డాక్టర్‌ను చూడంగనే జ్వరం తగ్గినట్టు చేస్తది ఇది" అని అక్క నవ్వేది.

ముందు బ్యాటరీ అనుకున్నాం, మార్చాం. తర్వాత బ్యాటరీ వైర్లు బిగించే చోట చేరిన తెల్ల పొడిని సలీం భాయ్ గీకి శుభ్రం చేశాడు. ఎర్త్ వైరు మార్చాడు. రిలే అనే చిన్న స్విచ్ మార్చాడు. ఒక్కోటి మార్చినప్పుడల్లా కొన్ని రోజులు బాగుండేది, మేము అదే కారణం అనుకునేవాళ్లం. తర్వాత మళ్లీ మొదటికే వచ్చేది.

ఈ పద్ధతి నాకు నచ్చలేదు. కనిపించినప్పుడే పట్టుకోవాలి, ఊహించి మార్చడం కాదు అని సలీం భాయ్‌తో గట్టిగా అన్నాను. ఆయన కాదనలేదు.

కారు స్టార్ట్ అయ్యే తీరు తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఇంజన్ తనంతట తాను తిరగడం మొదలుపెట్టదు. దాన్ని మొదట గిర్రున తిప్పేది సెల్ఫ్ మోటార్. మనం తాళం తిప్పగానే ఒక సన్న వైరు గుండా ఆ మోటార్‌కు కరెంటు రూపంలో ఆజ్ఞ వెళ్తుంది. మోటార్ తిరుగుతుంది, దానితో ఇంజన్ తిరిగి అంటుకుంటుంది.

ఆ సన్న వైరుకు ఇంకో వైరు కలిపి లోపలికి లాగి, స్టీరింగ్ పక్కన ఒక చిన్న బల్బు పెట్టించాను. కారు మొరాయించినప్పుడు బల్బు వెలగకపోతే తప్పు మోటార్‌కు ముందే ఎక్కడో ఉన్నట్టు. వెలిగీ ఇంజన్ తిరగకపోతే తప్పు మోటార్‌లోనే.

ఆ తర్వాత, ఎప్పటిలాగే, కారు రోజూ చక్కగా స్టార్ట్ అయింది. నేను ఓపిక పట్టాను. కారు ఎప్పుడు మొరాయిస్తుందా అని ఎదురుచూసిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

చివరికి ఒక మంగళవారం పొద్దున మా ఇంటి ముందే మొరాయించింది. బల్బు నిక్షేపంగా వెలిగింది. ఇంజన్ కదల్లేదు. దొరికింది అని ఒక్క క్షణం సంతోషం కలిగిన మాట నిజం. పక్క సీట్లో అక్క సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉందని ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఆ రోజు ఎంత చేసినా కారు స్టార్ట్ కాలేదు. చెరుకు ట్రాక్టర్లతో రోడ్డు నిండిపోయి బస్సు రాలేదు, ఆటో దొరికేసరికి ఆలస్యమైంది. మేం వెళ్లేలోపు మిషన్ ఇంకొకరికి ఇచ్చేశారు. ఎల్లుండి రమ్మన్నారు. సాయంత్రం సలీం భాయ్‌కి ఫోన్ చేసి బల్బు సంగతి చెప్పాను.

"గట్లయితే మోటార్ల కార్బన్లు అరిగినట్టే మేడం. విప్పి సూడాలె. వీలు సూసుకొని వస్త" అన్నాడు. కార్బన్లంటే మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు.

మర్నాడు నేను బడికి వెళ్లాను. క్లాసులో ఉండగా పక్కింటి గంగవ్వ బడికే ఫోన్ చేసింది. "టీచరమ్మా, అక్కకు దమ్ము ఆడుతలేదు. బిరాన రా" అంది.

తోటి టీచర్ బండి మీద ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. అక్క మంచం అంచున కూర్చుని ముందుకు వంగి ఎగశ్వాస తీస్తోంది. ముఖం ఉబ్బి ఉంది. డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని డాక్టర్ ముందే చెప్పి ఉన్నాడు. గంగవ్వ అప్పటికే అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే దగ్గర్లోది వేరే ఊరికి వెళ్లిందన్నారట. నన్ను దింపిన టీచర్ ఆటో కోసం బస్టాండు వైపు వెళ్లాడు.

అప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని వాకిట్లో ఉన్న కారు వైపు చూపించింది. "సలీం వచ్చిండు... చేసిపోయిండు" అంది, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ.

రిపేరు అయిపోయిందనే నేను అనుకున్నాను. వేరే ఆలోచనే రాలేదు. గంగవ్వా నేనూ అక్కను మోసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాం. గంగవ్వ పక్కన కూర్చుని ఆమె వీపు పట్టుకుంది. నేను తాళం తిప్పాను. బల్బు వెలిగింది. ఇంజన్ తిరిగిన చప్పుడు వచ్చి వెంటనే అంటుకుంది.

ఆ చప్పుడు నాకు బాగా గుర్తుంది. మా సెల్ఫ్ మూలుగుతూ తిరిగేది. ఆ రోజు సులువుగా, కొత్త బండిలా తిరిగింది. సలీం భాయ్ మంచి పని చేశాడని మనసులో అనుకున్నాను కూడా.

నిజామాబాద్ చేరేదాకా నేను చూసింది రోడ్డును, అద్దంలో అక్క ముఖాన్ని. ఆసుపత్రిలో వెంటనే ఆక్సిజన్ పెట్టి డయాలసిస్‌కు తీసుకున్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్ అన్నాడు. నేను బయట బెంచీ మీద కూలబడ్డాను.

అప్పుడు బ్యాగులోంచి ఫోన్ తీశాను. క్లాసులో సైలెంట్‌లో పెట్టింది అట్లాగే ఉంది. సలీం భాయ్ పొద్దుటి నుంచి చాలాసార్లు చేశాడు. తిరిగి చేశాను.

"మేడం, పొద్దున ఎడపల్లిల వేరే పని పడితే మీ ఇంటికి గూడ పోయిన. సెల్ఫ్ మోటార్ ఇప్పి తెచ్చిన. కార్బన్లు మొత్తం అరిగినయ్. రేపు తెచ్చి బిగిస్త."

"మోటార్ ఎక్కడుంది?"

"నా ముంగటనే ఉంది. వైండింగ్ షాపుల."

"సలీం భాయ్, కారు ఇక్కడుంది. నిజామాబాద్‌ల, దవాఖాన ముందల."

ఆయన అడిగాడు. "ఎవలు నూకిండ్రు?"

"ఎవ్వలు నూకలె. తాళం తిప్పిన, స్టార్ట్ అయింది."

"గట్ల స్టార్ట్ కాదు మేడం" అన్నాడు మెల్లగా. ఫోన్ పెట్టేశాడు.

ఇంకా ఎండ ఉండగానే వచ్చాడు. ఒక గోనె సంచిలో మోటార్ తెచ్చాడు. ఆసుపత్రి ముందు వేపచెట్టు కింద బానెట్ ఎత్తి చూశాం. మోటార్ ఉండాల్సిన చోట ఖాళీ. ఇంజన్ పక్కన గుండ్రటి రంధ్రం, లోపల మోటార్ తిప్పే పళ్ల చక్రం అంచు కనిపిస్తోంది. మోటార్‌కు వచ్చే లావు వైరు చివర నల్ల టేపు చుట్టి, తాడుతో పక్కకు కట్టి ఉంది. ఆ టేపు తానే చుట్టానన్నాడు. బ్యాటరీ మాత్రం తిరిగి కలిపేసి పోయాడట.

నేను తాళం తిప్పాను. బల్బు వెలిగింది. చప్పుడు లేదు. టక్ అని కూడా అనలేదు. సలీం భాయ్ కూర్చుని తిప్పాడు. ఎన్నిసార్లు తిప్పినా అంతే.

అక్కడే కింద గోనె సంచి పరుచుకుని, కొత్త కార్బన్లు వేసిన మోటార్ బిగించాడు.

మరునాటి నుంచి నేను దీని వెంట పడ్డాను. మొదట అనుమానం సలీం భాయ్ మీదే. నేను ఆసుపత్రి లోపల ఉండగా ఎవరైనా వచ్చి మోటార్ తీశారా? బోధన్ వెళ్లి, మోటార్లు బాగుచేసే ఆ వైండింగ్ షాపాయనను అడిగాను. మోటార్ పొద్దున్నే వచ్చిందని, మధ్యాహ్నం తన బల్ల మీద విప్పదీసి ఉందని చెప్పాడు. నేను అక్కడికి వెళ్లినట్టు తెలిసి సలీం భాయ్ నొచ్చుకున్నాడు.

"నేను అబద్ధం చెప్తే నాకేం వస్తది మేడం?" అన్నాడు.

తోసి స్టార్ట్ చేశామా? మోటార్ లేకున్నా తోస్తే కారు అంటుకుంటుంది, నిజమే. కానీ మా వాకిలి రోడ్డు కన్నా పల్లంలో ఉంది. కారు ఎత్తు మీదికి ఎక్కి బయటికి రావాలి. తోయడానికి మనుషులూ లేరు. ఉన్న ముగ్గురం కార్లోనే ఉన్నాం. అంతకుముందే ఇంజన్ ఆన్‌లో ఉందా? మోటార్ లేకుండా దాన్ని ఆన్ చేసి వదిలిపెట్టేది ఎవరు?

కంగారులో నేనే ఏదో పొరబడ్డానా? గంగవ్వను విడిగా అడిగాను, ఏమీ అందించకుండా. "నువ్వు తాళం తిప్పినవ్, గుర్రుమన్నది, పోయినం. ఇంకేముంది?" అంది.

అక్క కోలుకున్నాక ఒక ఆదివారం సలీం భాయ్‌ను పిలిచి మోటార్ మళ్లీ తీయించాను. కారును వాకిట్లో అదే చోట, అదే వైపు తిప్పి పెట్టాం. అదే ఎండ వేళ. గంగవ్వనూ అక్కనూ వెనక సీట్లో కూర్చోబెట్టాను. తాళం తిప్పాను. బల్బు వెలిగింది. కాసేపు ఆగి మళ్లీ తిప్పాను. కారు నిశ్శబ్దంగా ఉంది. చెమటలు కారుతున్నా నేను దిగలేదు.

వెనక నుంచి అక్క నా భుజం తట్టింది. "సుజాతా, ఇగ చాలు. ఆనాడు స్టార్ట్ అయింది, నేను బతికిన. ఇంకేం గావాలె నీకు?"

"ఎట్ల అయిందో తెల్వాలె అక్కా."

"తెల్వకుంటే ఏమైతది?"

అయినా నేను వదిలిపెట్టలేదు. తెలిసిన ఇంజనీర్లను అడిగాను. ఇద్దరు నవ్వారు. ఒకాయన చాలాసేపు ఆలోచించి, మీరు చెప్పినదాంట్లో ఏదో ఒకటి తప్పయి ఉండాలి అన్నాడు. నేనూ అదే అంటాను. ఏది తప్పో ఇప్పటికీ తేల్చలేకపోయాను. ఆ కారు ఎందుకు స్టార్ట్ కావడం లేదో ఓపికగా కూర్చుని కనిపెట్టాను. ఆ ఒక్క మధ్యాహ్నం ఎట్లా స్టార్ట్ అయిందో నాకు తెలియదు.

కార్బన్లు మార్చాక కారు మళ్లీ మొరాయించలేదు. అక్క డయాలసిస్ ఒక్కటీ తప్పలేదు. సలీం భాయ్ ఇప్పుడు ఏ చిన్న పనికి బానెట్ ఎత్తినా, మూసే ముందు నన్ను దగ్గరికి పిలుస్తాడు. ఫోన్ లైటు లోపలికి వేసి పట్టుకుంటాడు.

"సూస్కోండ్రి మేడం. ఉంది" అంటాడు.

నేను వంగి చూస్తాను. వేలితో తాకి చూస్తాను. ఆ తర్వాతే ఆయన బానెట్ దించుతాడు.