ఆముదం తాగిన క్లచ్ ప్లేటు

వెనుక గది కిరాయికి ఇచ్చేటప్పుడు నేను అడిగేది ఒక్కటే, ఏం పని చేస్తవని. దీప వచ్చినప్పుడు గట్లనే అడిగిన.

"జర్మన్ పుస్తకాలను ఇంగ్లీషుల రాస్త అవ్వా."

"కథలా?"

"కాదు. క్లచ్చులు, కప్లింగులు."

మహబూబాబాద్‌ల మిర్చి అమ్మి బతికెటోళ్ళను చూసిన, ఆటోలు నడిపెటోళ్ళను చూసిన. క్లచ్చుల సంగతి రాసి బతికెటోళ్ళను చూడలే. అబద్ధమాడాలంటె ఇంతకన్న నమ్మేది దొరకదా, ఇది నిజమే అయ్యుంటదని తాళంచెవి ఇచ్చిన.

దీప తండా పిల్ల. ఇంట్ల లంబాడి మాట, బడిల తెలుగు, కాలేజిల ఇంగ్లీషు. హైదరాబాద్ హాస్టల్‌ల ఉండంగ జర్మన్ నేర్చింది. కొన్నాళ్ళు జనగామల ప్రైవేటు బడిల పాఠాలు చెప్పి గొంతు పోగొట్టుకున్నది. పెనిమిటి జగన్ భూపాలపల్లి బొగ్గుబాయిల నీళ్ళ పంపు కాడ పని చేస్తడు. సెలవు దొరికితె బస్సెక్కి వస్తడు.

క్లచ్‌కు, కప్లింగ్‌కు జర్మనోళ్ళది ఒక్కటే మాటనట. ప్రతిసారి బొమ్మ చూసి ఇది ఏదో తేల్చుకున్నంకనే దీప ఇంగ్లీషు మాట పెడ్తది. గందుకని అన్నం చల్లారిపోయినా లేవదు. నాకు అర్థం కావాల్నని నా కుట్టుమిషను చక్రం నడుమ బిళ్ళ వదులు చేసి తిప్పింది. చక్రం తిరిగింది, సూది కదల్లే.

"గిది క్లచ్ అవ్వా. కావాలంటె కలుస్తది, వద్దంటె ఇడుస్తది." తర్వాత మిక్సీ జారు ఎత్తి కింద రంపం పండ్లసొంటి బిళ్ళ చూపెట్టింది. "గిది కప్లింగ్. ఇది తిప్పుతుంటె అది తిరగాల్సిందే."

"మిషను నాది, మిక్సీ నాది, పాఠం మాత్రం నీదా?" అన్న. నవ్వుకుంట పోయి రాసుకున్నది.

దసరా ముంగట ఒక జర్మనీ కంపెనీ నుంచి పెద్ద పుస్తకం వచ్చింది. ఇండియల ఫ్యాక్టరీలకు పోయే క్లచ్చులది. చూసి రాయమని ఒక క్లచ్ ప్లేటు గుడ పంపిండ్రు. పనైనంక వాపసు చెయ్యాలె. "ఈ పుస్తకం నచ్చితె ఏడాదంత పని ఇస్తరు అవ్వా. లేకుంటె మళ్ళ జనగామ బడే," అన్నది.

పండుగకు దీప వాళ్ళమ్మ మోతీ, తండా నుంచి వచ్చింది. దీప జగన్‌ను తోల్కరావడానికి బస్టాండుకు పోయింది. ఇద్దరు వచ్చేసరికి ప్లేటు పీట మీద ఉన్నది. ఆముదం తోటి నిగనిగ మెరుస్తున్నది. సుట్టూ పసుపు, కుంకుమ బొట్లు, నడుమ బొక్కల బంతిపువ్వు.

"యాడీ, ఏం చేసినవే!" అన్నది దీప. వాళ్ళ మాటల యాడి అంటె అమ్మ.

"నీకు బువ్వ పెట్టే ఇనుము. పండుగ నాడు మొక్కద్దా? మీ బాపు నాగలికి మొక్కలేదా? ఎండిపోయినట్టున్నదని రెండు సార్లు పూసిన."

దీప ప్లేటు ఎత్తి తిరగేసి చూసింది. ఆ ప్లేటుకు రెండు దిక్కుల గరుకు పొర ఉంటది. ఆ గరుకు తోటే పట్టు. నూనె తగిలితె జారుతది. నూనె, గ్రీజు తగలనియ్యద్దని ఆమె ఆ పొద్దుగాలనే రాసింది.

"పెట్రోల్ పెట్టి తుడుస్త. డబ్బల పెట్టి పంపు. వాళ్ళేమన్న వాసన చూస్తరా?" అన్నడు జగన్.

"పైది పోతది. పొర తాగింది పోదు. రేపు ఎవలన్న దాన్ని మిషన్‌కు ఎక్కిస్తె?"

"ఎక్కిస్తె వాళ్ళ కర్మ."

"నీ పంపుకు గిట్లాంటిది పంపితె ఊకుంటవా?"

జగన్ చాయ్ గ్లాసు పట్టుకొని బయటికి పోయిండు. మోతీ కొంగు నోట్ల కుక్కుకొని, "నన్ను తండాకు తోలుండ్రి," అన్నది.

"ఏడ్వకు మోతీ," అన్న. "నా మొగడు బోరు మోటరు మీద కొబ్బరినీళ్ళు పోసి కాలవెట్టిండు. ఆయనను ఎవలు ఏ తండాకు తోలిండ్రు?"

దీప ప్లేటును ఉన్నదున్నట్టు, బంతిపువ్వు తోటే ఫోటో తీసింది. మా ఇంట్ల పూజల పాడైంది, దీన్ని వాడద్దు అని కంపెనీకి రాసింది. ఇంకో ముచ్చట గుడ రాసింది. ఈ పుస్తకం పోయే ఫ్యాక్టరీలల్ల గుడ దసరా చేస్తరు, నూనె తగలనియ్యద్దంటె పూజ నూనెను ఎవలూ లెక్కపెట్టరు, ఒక మాట కలుపుదమా అని.

పండుగైనంక ఆ కంపెనీ పుణె ఆఫీసు నుంచి జవాబొచ్చింది. నీ పని ఉన్నది రాసుడు, లేనిది కలుపుడు కాదు, ప్లేటు సంగతి పైకి చెప్పినం అని. ఆ దినం దీప గది తలుపు తెరవలే. నేను పప్పుచారు గిన్నె గడప మీద పెట్టి వచ్చిన.

తెల్లారి జర్మనీ ఇంజనీరు వీడియోల వచ్చిండు. నేను ఎనుక కూసున్న. వాళ్ళ మాట నాకు తెల్వకున్నా, ఆయన నవ్వుతలేడని మాత్రం తెలిసింది. ఏం నూనె, ఎంత పూసిండ్రు, అందరు గిట్లనే చేస్తరా అని అడుగుతున్నడట. దీప, ఇంక తండాకు పోని మోతీని గుంజి ముంగట నిలవెట్టింది.

"చూపెట్టు యాడీ."

మోతీ ముసుగు సరిజేసుకొని, ఉత్త వేలుతోటి ప్లేటు సుట్టూ పూసి చూపెట్టింది. మరి బొట్టు ఏడ పెట్టాలె అన్నడట ఆయన. దీప బొమ్మ తెరిచి, క్లచ్ మీది ఇనుప డొప్పను చూపెట్టింది. ఆయన చానసేపు రాసుకున్నడు.

పూజ నూనె మాట పుస్తకంల పడుతదట, బొట్టు పెట్టే జాగ చూపెట్టే బొమ్మతోటి. ఏడాది పని దీపకే. ప్లేట్లు మాత్రం ఇగ పంపరట, ఫోటోలే.

దీప ఏడ్చుకుంట నవ్వుకుంట వాళ్ళమ్మను పట్టుకున్నది. మోతీ మాత్రం, "బొమ్మల బొట్టు ఎర్రగనే వేస్తరు గద?" అన్నది.

"నల్లగనే అచ్చవుతది యాడీ."

"గదేం బొట్టు!" అని మోతీ మూతి తిప్పుకున్నది.